తోట వాటా

పురుగుల మందు కొట్టిన తర్వాత వారం రోజుల దాకా నా చేతులకు ఆ వాసన వదల్లేదు. సబ్బుతో కడిగాను, శనగపిండి పెట్టి రుద్దాను, ఇత్తడి చెంబును తోమినట్టు చింతపండు పిప్పితో తోమాను. మా ఆయన నా అరచేతులు రెండూ ముక్కు దగ్గరికి తీసుకుని చూసి, ఏమీ లేదు, శనగపిండి వాసనే వస్తోంది అన్నారు. ఆయనకు రాకపోవచ్చు. అన్నం కలుపుకుంటుంటే నాకు వచ్చేది, కిరసనాయిల్లో వెల్లుల్లి ముద్ద నానబెట్టి కుళ్లబెట్టినట్టుండే వాసన. రెండో రోజు నుంచి స్పూనుతో తినడం మొదలుపెట్టాను. అరవైకి దగ్గరపడుతున్న మనిషిని, ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోతుంటే చిన్నపిల్లలా భయమేసింది. ఎందుకంటే ఆ వాసన నా చేతులకు అంటడం అది మొదటిసారి కాదని, ఇంతకు ముందెప్పుడో ఇలాగే, ఇవే చేతులకు అంటిందని లోపలెక్కడో అనిపించేది. ఎప్పుడన్నది మాత్రం మొదట్లో గుర్తు రాలేదు.

నేను పురుగుల మందు కొట్టానంటే నన్నెరిగిన వాళ్లెవరూ నమ్మరు. కాడుగోడిలో మేముండే అపార్ట్‌మెంట్లో నాకు పురుగుల ఆంటీ అని పేరు. పిల్లలు ఎదురుగానే అంటారు, పెద్దలు నేను లిఫ్టు దిగాక అంటారు. మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంటు వెనక, ప్రహరీ గోడ పక్కన, రెండు బస్సులు నిలిపేంత ఖాళీ జాగా ఉంది. మూడేళ్ల కిందట అసోసియేషన్ వాళ్ల కాళ్లావేళ్లా పడి దాన్ని తీసుకున్నాను. అక్కడ నేను చేసిన మొదటి పని మొక్కలు నాటడం కాదు, చీపురు ఆపించడం. రాలిన ఆకును రాలిన చోటే ఉండనిచ్చాను. తర్వాత ఒక నిమ్మ మొక్క, కరివేపాకు, గోడ వారన జిల్లేడు, ఒక అత్తి మొక్క, పగిలిన కుండ పెంకులో నీళ్లు, అంతే. మొదటి ఏడు అందరూ చెత్తకుప్ప అన్నారు. రెండో ఏడు నిమ్మ మీదికి సీతాకోకలు వచ్చాయి, తేనెపిట్టలు వచ్చాయి, గోడ మీదికి తొండలు వచ్చాయి. ముంగిస కూడా వచ్చిందని మా తోటమాలి మునెమ్మ చెప్పింది గానీ నేను చూడలేదు. మునెమ్మది మాలూరు వైపు పల్లె, ఇంట్లో మాట్లాడేది తెలుగే. మొదటి రోజు నుంచీ నాతో జత కలిసిన మనిషి ఆ అపార్ట్‌మెంట్ మొత్తంలో తనొక్కతే.

దోమల పొగ ఆ జాగాలోకి రాకూడదని మీటింగులో నేను బల్ల గుద్ది గొడవపడ్డాను. మందు కొట్టేవాడు ఏది దోమో ఏది తేనెటీగో చూసి కొడతాడా అని ఉపన్యాసం ఇచ్చాను. పాత తోటమాలి సామాన్ల గదిలో వదిలేసి పోయిన పురుగుల మందు సీసా ఒకటి కంటపడితే, ఎవరి చేతికీ చిక్కకూడదని తెచ్చి మా వంటింటి అటక మీద పాత కుక్కరు వెనక దాచాను. నా దగ్గరుంటే భద్రం కదా మరి. ఇంతలో కార్లు పెరిగాయి. వచ్చిపోయే వాళ్ల కార్లకు ఆ జాగా కావాలని సగం మంది పట్టుబట్టారు. అసోసియేషన్ సెక్రటరీ ప్రవీణ్ గుంటూరు వైపు కుర్రాడు, రోజూ ఊరి ఈ కొస నుంచి ఆ కొసకు ఎలక్ట్రానిక్ సిటీ దాకా పోయి ఉద్యోగం చేసి వస్తాడు, అయినా ఓపిక చెడని మర్యాదస్తుడు. మధ్యేమార్గంగా, ఒక ఆదివారం అందరికీ ఆ జాగా చూపిద్దామన్నాడు. పిల్లలూ పెద్దలూ వచ్చి చూస్తారు, చూశాక చేతులెత్తి ఓటు వేస్తారు, జాగా ఉంటుందా సిమెంటు పడుతుందా అన్నది ఆ రోజే తేలిపోతుంది. నేను సరేనన్నాను. కళ్లతో చూశాక ఎవరు కాదంటారన్నది నా ధీమా.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారని అడిగిన వాళ్లందరికీ, మా జేజి దగ్గర అని చెప్పేదాన్ని. జేజి అంటే మా నాయనకు అమ్మ. ఆమెకు నోరు లేని జీవాలంటే ప్రాణమని నేను పత్రికలకు రాసే వ్యాసాల్లో కూడా చెప్పుకున్నాను. అది నిజమే గానీ సగం నిజం. మాది పట్టుపురుగులు పెంచే ఇల్లు. కాడుగోడి దాటి హొసకోటె వైపు పోతే, ఇప్పుడు వరసగా రేకుల గోదాములున్న చోట మా ఊరుండేది. ఇంట్లో పెద్ద గది పురుగులది, చిన్న గది మాది. పెద్ద గదిలో వెదురు తట్టలు అంతస్తులుగా పేర్చిన చట్టాలు, ఆ చట్టాల కాళ్ల కింద చీమలు ఎక్కకుండా నీళ్లు పోసిన మట్టి మూకుళ్లు. ఆ నీళ్లు ఇంకిపోకుండా చూడడం నా పని. పురుగులున్నన్నాళ్లు ఆ ఇంట్లో పోపు వేయకూడదు, మిరపకాయ ఘాటు వాటికి పడదు. ఊదొత్తి వెలిగించకూడదు. తలకు వాసన నూనె రాసుకొచ్చిన చుట్టాన్ని జేజి గడప అవతలే కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి పంపించేసేది. ఆకూవక్కలో పొగాకు లేకపోతే ఆమెకు దవడ ఆడేది కాదు, అయినా గుడ్డు చిట్లిన రోజు నుంచి పురుగు గూడు కట్టే రోజు దాకా పొగాకు ముట్టేది కాదు. ఆ నెల రోజులూ ఆమె కోపానికి అడ్డూ ఆపూ ఉండేది కాదు.

పురుగు కుబుసం విడిచే ముందు తిండి మానేసి, తల ఎత్తి, కదలకుండా ఉండిపోతుంది. దాన్ని మావైపు జ్వరం అంటారు. మొదటి జ్వరం, రెండో జ్వరం, అలా నాలుగు జ్వరాలు. జ్వరం మీదున్న పురుగుల గదిలో జేజి గుసగుసగా మాట్లాడేది. నాకు నిజం జ్వరం వచ్చినప్పుడు కూడా ఆమె అంత మెల్లగా మాట్లాడిన గుర్తు లేదు. నాలుగో జ్వరం లేచాక వాటి ఆకలికి అంతుండదు, పూటపూటకూ ఆకు మోపులు మోయలేక నాయన భుజాలు కమిలిపోయేవి. ఇల్లంతా ఆకులు కొరికే చప్పుడు, పచ్చి ఆకు వాసన, వాటి పెంట వాసన. ఆ వాసనలోనే అన్నాలు తినేవాళ్లం, ఆ చప్పుడులోనే నిద్రపోయేవాళ్లం. అమ్మ నాకు ఊహ తెలియక ముందే పోయింది. నన్ను పెంచింది జేజి, నాయన, ఆ పురుగులు. గూళ్లు అమ్ముడుపోయాక, లోపల పురుగు ఉండగానే వాటిని వేడినీళ్లలో వేస్తారని తెలిసిన రోజు నేను అన్నం ముట్టలేదు. జేజి బతిమాలలేదు, కంచం తీసి పక్కన పెట్టి, ఆకలైతే తింటుందిలే అంది. సాయంత్రానికి తిన్నాను.

పురుగులకు పడదని మా మల్బరీ తోటలో మందు అన్న మాటే ఉండేది కాదు. దాంతో ఊళ్లో జీవాలన్నీ మా తోటకే చేరేవి. అంటే జేజి దయ అందులో సగమే, మిగతా సగం పట్టుపురుగుల పుణ్యం. కంచెలో ఆకులు కుట్టి గూడు కట్టే చిన్న పిట్టలు, పెంటకుప్ప కెలికే జెముడుకాకి, కట్టెల మోపులో ఒక ముసలి జెర్రిపోతు ఉండేవి. అయితే ఒక ఆచారం మాత్రం పూర్తిగా జేజిదే. పురుగులు పండి, అంటే ఒళ్లు పసుపు తిరిగి గూడు కట్టడానికి సిద్ధమైనప్పుడు, వాటిని ఏరి చంద్రికల్లో, అంటే చుట్టలు చుట్టలుగా అల్లిన వెదురు చాపల్లో వేస్తారు. అలా వేసే ముందు జేజి మొదటి తట్టలోంచి ఒక దోసెడు పురుగులు తీసుకెళ్లి కంచె మీద పెట్టి వచ్చేది. దాన్ని తోట వాటా అనేది. పిట్టలు, తొండలు, చీమలు వచ్చి గంటలో ఒక్కటి మిగలనిచ్చేవి కావు. నెలరోజులు చీమ ఎక్కకుండా నీళ్లు పోసి కాపాడిన పురుగుల్ని అదే చేత్తో చీమలకు పెట్టడమేమిటని ఒకసారి ఏడ్చి అడిగాను.

"వాటి జాగాలో మనం ఉండాము పాపా. వాటా ఈయకుంటే అవే ఇంట్లోకొచ్చి తీసుకుంటాయి" అంది.

నాకు పదేళ్లప్పుడు మావైపు ఊజీ ఈగ వచ్చింది. అంతకుముందు దాన్ని చూసినవాళ్లు మా ఊళ్లో లేరు. ఇంట్లో ఈగ కంటే కాస్త పెద్దది, బూడిద రంగు, వీపు మీద నల్లటి గీతలు. పురుగు ఒంటి మీద వాలి ఒక గుడ్డు పెట్టిపోతుంది, అంతే. రెండు రోజులకు అక్కడ నల్లచుక్క కనిపిస్తుంది. పురుగు తింటూనే ఉంటుంది, పెరుగుతూనే ఉంటుంది, లోపల ఇంకొకటి దాన్ని తింటూ పెరుగుతుంటుంది. చివరికి కష్టపడి గూడు కట్టాక, ఆ గూటికి బెజ్జం చేసుకుని తెల్లటి పురుగు బయటపడుతుంది. బెజ్జం పడ్డ గూటికి దారం రాదు. అలా ఒక పంట మొత్తం పోయింది, రెండో పంట సగం పోయింది. కిటికీలకు వలలు కొట్టించినా ఎక్కడి నుంచో దూరేది. మూకుళ్లలో నీళ్లు పోస్తూ నేను తట్టల మీదే చూపు పెట్టేదాన్ని, వీపు మీద గీతలున్న ఈగ కోసం. బళ్లో గోడ మీద మామూలు ఈగ వాలినా లేచి వెళ్లి దాని వీపు చూసొచ్చి పంతులు చేత తిట్లు తినేదాన్ని. ఆ భయం ఎంత లోపలికి దిగిందో నాకు ఈ మధ్యే తెలిసింది.

మూడో పంటకు పురుగులు నాలుగో జ్వరం లేచి ముద్దొచ్చేలా ఉన్నాయి. అప్పుడు నాయన హొసకోటె నుంచి ఒక మందు డబ్బా తెచ్చాడు. మిట్టమధ్యాహ్నం ఈగలన్నీ పశువుల కొట్టం గోడ మీద, జిల్లేడు కంచె మీద వాలి ఉంటాయని ఆయన కనిపెట్టాడు. జేజి వద్దంది. నాయన ఎప్పుడూ ఎదురు మాట్లాడని మనిషి, ఆ రోజు మాత్రం వినలేదు. మల్బరీకి దూరంగా, గాలి చూసుకుని, ఈగలు వాలిన చోట మాత్రమే కొట్టాడు. కొట్టాక బావి దగ్గర తలకు పోసుకుని బట్టలు మార్చుకున్నాడు. తర్వాత ఎప్పటిలాగే ఆకు కోయడం, తెచ్చి వేయడం జరిగిపోయింది. పొద్దు వాలే వేళకు పురుగులు తలలు పైకెత్తి అటూ ఇటూ ఊపడం మొదలుపెట్టాయి. నోటి నుంచి ఆకుపచ్చ నీళ్లు కక్కాయి, ఒళ్లు కుంచించుకుని సగమైపోయాయి. కొరికే చప్పుడు ఆగిపోయింది. పుట్టినప్పటి నుంచి వింటున్న చప్పుడు ఒక్కసారి లేకపోయేసరికి, నాకే వినపడడం లేదేమోనని చెవుల్లో వేళ్లు పెట్టి తిప్పుకున్నాను. జేజి ఒక్కొక్క తట్టే దించి చూసింది. అన్నీ చూశాక, ఆకుకు మందెట్ల తగిలిందని అడిగింది. గది మధ్యలో నిలబడి ఉన్న నాయన తల వంచుకున్నాడు.

"నేనేమ్మా. చేతులు సరిగ్గా కడుక్కోలేదు" అన్నాడు.

ఆ తర్వాత మేం పురుగులు పెట్టలేదు. తోట చేయి మారింది. నాయన పట్నంలో, చిక్కపేటలో, ఒక పట్టుచీరల అంగట్లో పనికి కుదిరాడు. కొనడానికి వచ్చినవాళ్లకు విప్పి చూపించిన చీరల్ని తిరిగి మడత పెట్టడం ఆయన పని, నడుం వంగే దాకా అదే చేశాడు. అంగడి వెనక సందులో ఒంటి గదిలో మా కాపురం. ఆకు లేదు, పిట్ట లేదు, తెల్లారితే హమాలీల కేకలు, తోపుడుబండ్ల రొద. జేజి అక్కడ రెండేళ్లు కూడా బతకలేదు. నేను నాయన్ని క్షమించలేదు. ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది గానీ అదే నిజం. చేతులు కడుక్కోవడం చేతగాక ఇంత చేశాడని ఆయన మీద కసి ఉండేది. కాలేజీలో చేరాక ఒకరోజు అన్నం దగ్గర అనేశాను కూడా, నీ చేతులే కదా మనల్ని ఈ సందులోకి తెచ్చింది అని. ఆయన తింటున్న చేతిని ఒకసారి చూసుకుని, మళ్లీ ముద్ద కలుపుకున్నాడు.

ఇక ఆ గురువారం సంగతి. అందరూ చూడ్డానికి వచ్చే ఆదివారానికి ఇంకా మూడు రోజులుంది. పొద్దున్నే కిందికి దిగి నిమ్మ మొక్క దగ్గర కూర్చున్నాను. సీతాకోక పురుగులు కొమ్మ కొమ్మకూ ఉన్నాయి, వేలెడేసి పెరిగినవి కొన్ని, ఇంకా పిట్ట రెట్టలా చిన్నగా ఉన్నవి కొన్ని. జిల్లేడు మీద పసుపూ నలుపూ చారల పురుగులు మరో జాతివి. నా సంబరం చెప్పనలవి కాదు. అప్పుడు ఒక బూడిదరంగు ఈగ వచ్చి పెద్ద పురుగు వీపు మీద వాలింది. దాని వీపు మీద గీతలున్నాయి. లేచి పక్క పురుగు మీద వాలింది, అక్కడి నుంచి గోడ మీద ఎండలో వాలింది. గోడ మీద అలాంటివి ఇంకో నాలుగున్నాయి. ఇది ఊజీ కాదని నాకు తెలుసు. దానితో చుట్టరికం ఉన్న తోట ఈగ, సీతాకోకలున్న ప్రతిచోటా ఉంటుంది, అది లేకపోతే పురుగులు ఆకు మిగలనివ్వవు. ఈ విషయం మీద నేను ఒక వ్యాసం కూడా రాసి ఉన్నాను. అదంతా తలకు తెలిసిన సంగతి, కాళ్లకు తెలియదు. కాళ్లు లిఫ్టు కోసం ఆగకుండా మూడంతస్తులు ఎక్కాయి. చేతులు స్టూలు వేసుకుని అటక మీది కుక్కరు పక్కకు జరిపాయి. నీళ్లు చిలకరించే సీసాలో మందు కలిపి, కిందికి దిగి, ఈగలు వాలిన గోడ మీదా జిల్లేడు మీదా కొట్టాను. నిమ్మ మీద కొట్టలేదు. గాలి కూడా చూసుకున్నాను. అయ్యాక ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, కాఫీ పెట్టుకుని తాగాను. నాకేమీ అనిపించలేదు. ఇప్పటికీ నన్ను వణికించేది అదే, ఏమీ అనిపించకపోవడం.

శుక్రవారం పొద్దున్నే మునెమ్మ ఫోన్ చేసి, ఒకసారి కిందికి రమ్మంది. వెళ్లి చూస్తే నిమ్మ మొక్క కింద పురుగులు రాలి ఉన్నాయి, నల్లబడి, సగమై. ఇంకా కొమ్మను పట్టుకుని ఉన్నవి తలలు పైకెత్తి ఊపుతున్నాయి. నోళ్ల దగ్గర ఆకుపచ్చ నీళ్లు. పదేళ్లప్పుడు తట్టల్లో చూసిన ఊపును మళ్లీ చూస్తానని నేను కలలో కూడా అనుకోలేదు. గోడకు కొట్టింది నిమ్మకు ఎలా చేరిందో ఈ రోజుకూ నాకు తెలియదు. కుండ పెంకు చుట్టూ తేనెటీగలు వెల్లకిలా పడి కాళ్లాడిస్తున్నాయి. అత్తి మొక్క మీద ఆకులు కుట్టి కట్టిన గూడు ఉంది, అందులో మూడు పిట్టపిల్లలున్నాయని, ఆదివారం అందరికీ చూపించాలని మునెమ్మ వారం నుంచీ మురిసిపోతోంది. మా కళ్లెదుటే తల్లిపిట్ట కిందికి దిగింది. రాలిన వాటిలో ఒక చిన్న పురుగును ముక్కున పట్టుకుని గూటికి తీసుకెళ్లింది. వెతుక్కునే పని లేకుండా దొరికిన తిండి. నేను చేతులు ఊపుతూ ఉష్ ఉష్ అంటూ పరిగెత్తాను. అది ఎగిరిపోయి, నేను పక్కకు జరగ్గానే మళ్లీ దిగి మళ్లీ ఒకటి పట్టుకెళ్లింది. మునెమ్మా నేనూ మోకాళ్ల మీద కూర్చుని, పిట్ట కంటే ముందు ఏరాలని గబగబా చేటలోకి ఏరాం.

"ఎవురు కొట్టినారమ్మా?" అని అడిగింది మునెమ్మ, తలెత్తకుండానే.

నేను ఇంకో పురుగును ఏరి చేటలో వేశాను. ఆ సాయంత్రానికి గూట్లో చప్పుడు ఆగిపోయింది.

శనివారం మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని చేతులు వాసన చూసుకుంటుంటే గుర్తొచ్చింది, అది నా చేతులకు మొదటిసారి ఎప్పుడు అంటిందో. నాయన మందు కొట్టిన రోజు. ముక్కుకు కట్టుకున్న తుండుగుడ్డ విప్పి జిల్లేడు కంచె మీద వేసి ఆయన బావి దగ్గరికి పోయాడు. స్నానమయ్యాక మల్బరీ తోటలో ఆకు కోస్తూ, మోపు కట్టడానికి గోనెపట్టా తెమ్మని నన్ను కేక వేశాడు. గోనెపట్టా కొట్టంలో ఉంది, అంత దూరం పోవాలి. తుండుగుడ్డ దారిలోనే ఉంది. నేను దాన్ని లాక్కుని పోయాను. ఆయన అవతలి సాలులో వంగి కోస్తున్నాడు, చూడలేదు. కోసిన ఆకు నేనే అందులో పోసి, మూట కట్టి, నెత్తిన పెట్టుకొచ్చి తట్టల్లో పరిచాను. తర్వాత చేతులు వాసన చూసుకున్నాను. కిరసనాయిలు, వెల్లుల్లి. లంగాకు తుడుచుకుని ఆటకు పోయాను. ఇదంతా ఇన్నేళ్లు ఎక్కడ దాక్కుందో తెలియదు. నేనే కల్పించుకుంటున్నానేమో అని కూడా అనుమానపడ్డాను, కథలు రాసేవాళ్లకు ఆ జబ్బు ఉంటుంది. కానీ ఇంకొకటి కూడా కళ్లకు కట్టింది. జేజి అడిగినప్పుడు గది మధ్యలో నిలబడిన నాయన చేతిలో ఆ తుండుగుడ్డ ఉంది. ఆకు పసరు మరకలు పడి ఉంది. ఆయన దాన్ని వీపు వెనక్కి పెట్టుకుని, నా వైపు ఒకసారి చూసి, అప్పుడు తల వంచుకుని నేనేమ్మా అన్నాడు.

కంచం ముందు నుంచి లేచిపోయి పడకగదిలో తలుపేసుకుని ఏడ్చాను. జేజి చచ్చిపోయేదాకా కొడుకుతో ముభావంగానే ఉంది, ఆయన ఆమెకు చెప్పలేదు. నేను అన్నం దగ్గర అంత మాటన్నాను, నాకూ చెప్పలేదు. నా మొదటి కథ అచ్చయినప్పుడు ఆ పత్రిక పట్టుకుని చిక్కపేట అంగడికి పరిగెత్తాను. ఆయన పత్రిక తీసుకోలేదు, ముందు నా రెండు చేతులూ పట్టుకుని తిప్పి చూశాడు. మంచి చేతులు పాపా ఇవి, అన్నాడు. కథను మెచ్చుకోవడం చేతగాక ఏదో అంటున్నాడని అప్పుడు విసుక్కున్నాను. ఆయన పోయి పదేళ్లు దాటింది. ఇప్పుడు ఎవరి దగ్గరికి పోయి ఏం చెప్పాలి?

ఆ సాయంత్రం ప్రవీణ్ వచ్చాడు. కింద చూసే వచ్చాడు, ముఖం పాలిపోయి ఉంది. నేనే కొట్టానని చెప్తే మొదట నవ్వాడు, తర్వాత నమ్మాడు. చివరికి మెల్లగా, నా మేలు కోరే గొంతుతో చెప్పాడు.

"ఆంటీ, రేపటికి చాలా ఫ్యామిలీస్ పేర్లిచ్చారు. మీరే కొట్టారంటే ఇక ఆ ప్లేస్ మర్చిపోవాల్సిందే. మునెమ్మ తెలియక కొట్టిందని చెప్దాం. చదువుకోలేదు కదా, ఎవరూ సీరియస్‌గా తీసుకోరు."

అంత మర్యాదస్తుడి నోట ఆ మాట విని నివ్వెరపోయాను. అంతకంటే ఎక్కువగా, ఒక్క క్షణం పాటు ఆ మాట నాకు నచ్చినందుకు నివ్వెరపోయాను. జాగా దక్కుతుంది, నా పరువు దక్కుతుంది, మునెమ్మకు నేనే నచ్చజెప్పుకోవచ్చు. ఆ ఒక్క క్షణమే. తర్వాత వీపు వెనక తుండుగుడ్డ పెట్టుకుని నిలబడ్డ మనిషి కళ్లలో మెదిలాడు. ఆయన చేయని దాన్ని నెత్తిన వేసుకున్నాడు. నేను చేసిన దాన్ని ఇంకొకరి నెత్తిన వేయబోయాను.

ఆదివారం ఉదయం పిల్లలు టోపీలు పెట్టుకుని, పెద్దలు ఫోన్లు పట్టుకుని వచ్చారు. నేను చేట పట్టుకుని నిమ్మ మొక్క పక్కన నిలబడ్డాను. అందులో ఏమున్నాయో చూసి ముందు వరసలో ఒకావిడ తన పాప కళ్లకు చెయ్యి అడ్డం పెట్టింది. కొట్టింది మునెమ్మ కాదు, దోమల పొగ వాళ్లు కాదు, నేనే అని చెప్పాను. ఈగ సంగతీ, నాయన సంగతీ, తుండుగుడ్డ సంగతీ చెప్పాను. వెనక నుంచి ఒకాయన, మరి మందు కొట్టనీయకుండా మమ్మల్నెందుకండీ మూడేళ్లు ఆపారు, అని అడిగాడు. ఆయన గొంతులో వెటకారం లేదు, నిజంగానే తెలియక అడిగాడు. చేతులెత్తితే సిమెంటు వైపు ఎక్కువ లేచాయి. ప్రవీణే ఏమనుకున్నాడో, ఇంకొక నెల చూద్దామని, నెలలో ఏ పురుగూ పిట్టా తిరిగి రాకపోతే అప్పుడు సిమెంటు వేయిద్దామని అందరినీ ఒప్పించాడు. అందరూ పోయాక మునెమ్మ నా చేతిలోంచి చేట తీసుకుంది. "మీరు చెప్పకుండా ఉండింటే ఇది నా తల మీదికే వచ్చేది గదమ్మా" అంది. అని, వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అది నాకు దక్కాల్సిందే.

ఆ నెలంతా ఇద్దరం కుంకుడు రసంతో ఆకులు కడిగాం, పై మట్టి తీసేసి కొత్త మట్టి పోశాం. చేతులు ఆ పనిలో ఉంటే బుర్ర పాతరోజుల చుట్టూ తిరిగేది. అప్పట్లో మా ఇంట్లో ఎవరూ జీవాల్ని ప్రేమిస్తున్నామని చెప్పుకోలేదు. చీమకు నీళ్లడ్డం పెట్టారు, అదే చీమకు దోసెడు పురుగులు పెట్టారు, వాటా ఇచ్చి ఊరుకున్నారు. నేను అలా కాదు. నాకు సీతాకోకలు కావాలి, ఈగలు అక్కర్లేదు. పిట్టలు కావాలి, అవి తినే పురుగులు ఆదివారం దాకా మిగలాలి. కార్లకు జాగా అడిగే వాళ్లకూ నాకూ తేడా ఉందనుకున్నాను. ఉంది గానీ నేననుకున్నంత లేదు.

వానలు పడి నిమ్మ చిగురేసింది. నెల నిండడానికి ఇంకా మూడు రోజులుందనగా, ఉదయం మునెమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. లేత ఆకు మీద పిట్ట రెట్టలా ఒక పురుగు, దాని పక్క ఆకు మీద కాస్త పెరిగిన ఇంకొకటి. వంగి చూస్తున్నాను. అప్పుడు గోడ మీది నుంచి ఒక బూడిదరంగు ఈగ లేచి, గాలిలో ఒకసారి తిరిగి, పెరిగిన పురుగు పక్కన వాలింది. వీపు మీద గీతలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. మునెమ్మ ఈగను చూడలేదు, నా చేతుల్ని చూసింది. నేను ప్రవీణ్‌కు ఫోన్ చేసి, వచ్చాయి, కిందికి దిగి చూడమన్నాను.

"బటర్‌ఫ్లైసా ఆంటీ?" అన్నాడు.

"పురుగులు వచ్చాయి. ఈగ కూడా వచ్చింది" అన్నాను.

అతను వచ్చేదాకా, నాయన మంచివన్న ఆ రెండు చేతుల్నీ ఒళ్లో పెట్టుకుని, కదలకుండా కూర్చున్నాను.